జిన్ను ఆపొద్దన్నారు

నేను హైదరాబాదులో సమాజశాస్త్రం ఎం.ఎ. చదువుతున్న ఏడు, పత్తి కాలంలో, ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులో మా అక్క కుడిచెయ్యి పోయింది. అరవై ఏడు ఎన్నికలు రాబోతున్న చలికాలం అది. గోడల మీద సున్నంతో గీసిన పార్టీ గుర్తులు, వాటి మీద అంటుకున్న దూది నలుసులు.

ఆ చెయ్యి ఎందుకు పోయిందో నాకు చాలామంది వివరించారు. బాగానే వివరించారు. అందరూ నాకన్నా ఎక్కువ తెలిసినవాళ్ళే. ఆ తర్వాత అదే శాస్త్రాన్ని కాలేజీలో పాఠంగా చెప్పి చెప్పి రిటైరయ్యాను. అయినా ఆ వివరణలు గుర్తొస్తే ఇప్పటికీ నా దవడ బిగుసుకుంటుంది.

తంతి అందగానే బస్సెక్కాను. నిర్మల్ ఘాట్ ఎక్కుతుంటే పళ్ళు టకటక కొట్టుకున్నాయి. దవాఖానాలో అక్క ఇనుపమంచం మీద ఉంది. దుప్పటి కింద ఎడమచెయ్యి ఉన్నచోట ఎత్తుగా ఉంది, కుడివైపు సగం దాకా ఎత్తుగా ఉండి తర్వాత చదునుగా ఉంది. మమ్మల్ని కన్న అవ్వ, బాలవ్వ, మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది. బావ వెంకటి నిలబడి ఉన్నాడు. బావ కూడా అదే మిల్లులో పత్తి నింపిన గోనె బోరాలు మోసేవాడు, మా ఇంట్లోనే ఉండేవాడు.

నర్సు వచ్చి బావను అడిగింది. "ఈమె పేరేంది? పొద్దున ఏమన్న తిన్నదా? నొప్పి తగ్గిందంటదా?"

అక్క కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. నోరు ఉంది. నర్సు ప్రశ్నలన్నీ బావకే వేసి, బావ చెప్పినవే రాసుకుని పోయింది.

"ఎట్ల జరిగింది బావా?" అన్నాను.

"కొంగు పట్టాల పడ్డది. సూసుకోలే" అన్నాడు బావ.

అక్క గోడవైపు తల తిప్పుకుంది.

పత్తిలోంచి గింజ తీసే జిన్ను మీద పని ఎట్లా ఉంటుందో చెప్పాలి. పైన పొడుగాటి ఇరుసు తిరుగుతుంటుంది. దాని నుంచి ఒక్కొక్క మిషన్‌కు ఒక తోలుపట్టా దిగుతుంది. ఆడవాళ్ళు వరసగా నిలబడి గింజపత్తిని రోలర్ నోటికి అందిస్తారు. దూది ఒకవైపు పోతుంది, గింజ కింద రాలుతుంది. పత్తి ఇరుక్కుంటే పట్టాను కట్టెతో పక్కకు జరపాలి. అప్పుడు ఆ ఒక్క మిషన్ ఆగుతుంది. ఇరుక్కున్నది తీసి మళ్ళీ నడపాలి. ఇది అందరికీ తెలుసు. మిల్లు యజమాని సేటుకు కూడా తెలుసు.

అక్క ఇంటికొచ్చాక సేటే స్వయంగా మా ఇంటికి వచ్చాడు. మా నులక మంచం మీద కూర్చున్నాడు. వెంట వచ్చిన మనిషి ఒక ఖాకీ కోటు తెచ్చాడు.

"సక్కుబాయి నాకు బిడ్డ అసుంటిది" అన్నాడు సేటు. "గందుకే వెంకటికి చౌకీదార్ నౌకరి ఇస్తున్న. సీజనుకు రమ్మని, సీజన్ అయినంక పొమ్మనేది గాదు. పక్కా నౌకరి." లేచి వెళ్తూ చెప్పుల దగ్గర ఆగాడు. "ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ సాబ్ వస్తడు. అడుగుతడు. జరిగింది జరిగినట్టు చెప్పుండ్రి. కొంగు సూసుకోలే, గంతె."

అవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "ఇల్లు నిలవెట్టిండు దొర" అంది.

బావ కోటు తొడుక్కున్నాడు. భుజాల దగ్గర వదులుగా ఉంది. అయినా ఆ రోజంతా విప్పలేదు.

చలి ముదిరిన రోజుల్లో దేవదాస్ సార్ వచ్చారు. మా లెక్చరర్. హాస్టల్లో నాకు సీటు ఇప్పించింది ఆయనే. మాలో ప్రతి ఒక్కరూ సొంత ప్రాంతంలో ఒక పనిచోటును పరిశీలించి నివేదిక రాయాలి. ప్రమాదానికి ముందే నేను ఈ మిల్లును ఎంచుకున్నాను. సార్ అది చూడ్డానికి వచ్చి సేటు ఇంట్లో దిగారు. ముందు మా ఇంటికే వచ్చారు, ఆ మాట చెప్పుకోవాలి. అక్కకు చేతులు జోడించి నమస్కరించారు. సంచీ నిండా సంత్రా పండ్లు తెచ్చారు. అక్క ఎడమచేత్తో ఒకటి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కచేత్తో తొక్క తీయడం ఇంకా రాదామెకు.

సాయంత్రం సేటు వరండాలో చాయ్ తాగుతూ సార్ అన్నారు, "హనుమండ్లూ, నీ కోపం నాకు అర్థమవుతుంది. కానీ శాస్త్రం కోపంతో చూడదయ్యా. సమాజం ఒక శరీరం లాంటిది. రైతు పత్తి తెస్తాడు, బండివాడు మోస్తాడు, మీ అక్కలాంటి వాళ్ళు గింజ తీస్తారు, సేటుగారు సరుకు అమ్మి ఇంతమందికీ పని చూపిస్తారు. ఎవరి పని వాళ్ళు చేస్తేనే అది బతుకుతుంది. ఒక అవయవానికి దెబ్బ తగిలితే మిగిలినవి సర్దుకుంటాయి. చూడు, మీ బావకు స్థిరమైన ఉద్యోగం దొరికింది. మీ ఇల్లు మళ్ళీ నిలదొక్కుకుంది. నువ్వు నివేదికలో పట్టుకోవలసింది అదే. సమతుల్యం తప్పడం కాదు, తిరిగి కుదురుకోవడం."

సేటు సంతోషంగా తల ఊపాడు. "బరోబర్ చెప్పిండ్రు సార్. మా మిల్లంటె ఒక్క కుటుంబమే."

సాసరు కింద పెట్టేశాను. "సార్, తెగింది మా అక్క చెయ్యి. సర్దుకున్నది మా అక్క. సేటుకు ఏం తెగింది?"

సార్ ముఖంలో కోపం రాలేదు, నొప్పి కనిపించింది. "నువ్వు వేరే పుస్తకాలు చదువుతున్నట్టున్నావు" అన్నారు మెల్లగా. మర్నాడు బస్సు దగ్గర నా భుజం తట్టి, చదువు మానుకోవద్దని చెప్పి వెళ్ళిపోయారు. ఆయన మంచివాడు. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

ఆ వేరే పుస్తకాలు నాకిచ్చింది వాహెద్ భాయ్. మిల్లు కూలీల యూనియన్ ఆయనది. సైకిల్ షాపు మీది గదిలో చాప మీద పడుకునేవాడు. కూలీల కోసం జైలుకు పోయొచ్చినవాడు. వారంలో సగం రోజులు చాయ్, పావురొట్టెతోనే గడిపేవాడు.

నేను సార్ మాటలు చెబితే పకపకా నవ్వాడు. "శరీరం గాదు తమ్మీ, కుస్తీ. ఒకడు మీద, ఒకడు కింద. మీదోడే కిందోనికి చెప్తడు, మనిద్దరిది ఒక్కటే ఒళ్ళని."

ఆ మాట నన్ను నిలువునా పట్టుకుంది. సార్ దాచిందేదో భాయ్ విప్పి చూపించినట్టయింది. పత్తి ఎవరిది, మిల్లు ఎవరిది, చెయ్యి ఎవరిది అని అడిగే శాస్త్రం ఒకటుంది. నేను దాని మనిషిని అనుకున్నాను.

భాయ్ ఊరేగింపు తీస్తానన్నాడు. అక్క రావాలన్నాడు. "పదిమందికి మంచిదైతదంటె వస్త" అంది అక్క. ఎడ్లబండి మీద కూర్చోబెట్టారు. చౌరస్తాలో భాయ్ బండెక్కి ఉపన్యసించి, ఉన్నట్టుండి అక్క కుడిరెక్క పట్టుకుని పైకి లేపాడు. కొంగు జారి మొండి చెయ్యి బయటపడింది. "గీ చెయ్యే మన జెండ!" అని అరిచాడు. జనం జిందాబాద్ కొట్టారు. నేనూ కొట్టాను. అక్క ఎడమచేత్తో కొంగు లాక్కుని కప్పుకుంది.

బండి దిగాక ఆమె భాయ్‌తో అంది, "ఎత్తెటప్పుడు నన్నొక్కసారి అడగాలె గద భాయ్."

"మాఫ్ చెయ్యి చెల్లే. జోష్‌ల అయిపోయింది" అన్నాడు.

కూలీలు పని బందు పెట్టారు. మిల్లు ముందు పత్తిబండ్లు బారులు తీరాయి. ఎన్నికల ముందు గొడవ వద్దని పెద్దమనుషులు మధ్యలోకి వచ్చారు. ఒక మధ్యాహ్నం భాయ్ నవ్వుతూ బయటికొచ్చి ఒప్పందం చదివాడు. కూలి పెరిగింది. మధ్యలో చాయ్‌కి విరామం వచ్చింది. ఆడవాళ్ళు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. నేను చివరిదాకా విన్నాను. అక్క చెయ్యి మాట అందులో లేదు.

మెట్ల మీద భాయ్‌ని పట్టుకున్నాను. "మా అక్క పేరేది?"

"సేటు దాని మీదనే కూసున్నడు తమ్మీ. గదొక్కటి ఇడిసిపెడితె మిగతయన్ని ఇస్తనన్నడు. ఇన్ని కడుపులు... కొట్లాటల ఒక్కొక్కసారి..." తల దించుకుని చొక్కా గుండీ తిప్పుకుంటూ నిలబడ్డాడు.

సార్ చెప్పిన శరీరంలోనూ, భాయ్ చెప్పిన కుస్తీలోనూ మా అక్క చెయ్యి సర్దుబాటు కిందికే పోయింది. ఆ రోజు ఇంటికి ఎట్లా నడిచొచ్చానో నాకు తెలియదు. దారిలో ఒక గోడమీది ఎన్నికల గుర్తును అరచేత్తో చెరిపేశాను. ఏ పార్టీదో కూడా చూడలేదు. చెయ్యంతా సున్నమైంది.

ఇక నాకు మా శాస్త్రంలోని మూడో దృక్పథం మిగిలింది. క్లాసులో దాన్ని త్వరత్వరగా చెప్పి ముగించారు. పెద్ద పెద్ద వ్యవస్థలను వదిలెయ్యి, మనిషీ మనిషీ ఎదురుపడ్డ చోట చూడు అంటుంది అది. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారు, ఏ చూపు చూస్తున్నారు? మనిషి తనను తాను ఆ చూపుల్లోనే చూసుకుంటాడు అంటుంది. నేను చూడడం మొదలుపెట్టాను. చూసినకొద్దీ నిజమే అనిపించింది. గల్లీలో తగాదా వస్తే తీర్పుకు అక్క దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు ఇప్పుడు రావడం లేదు. అక్క పేరుకు ముందు "పాపం" చేరింది. కిరాణా కొట్టతను పొట్లం అక్కకివ్వకుండా ఆమె భుజం మీదుగా అవ్వకు అందించాడు. అదే గల్లీ బావను "చౌకీదార్ సాబ్" అంటోంది. బావ గొంతు పెరిగింది. మంచం మీద కూర్చునే తీరు మారింది.

ఒక పొద్దున అవ్వ అంగడికి పోయింది. అక్క ఎండలో కూర్చుని, "తల దువ్వు తమ్మీ" అంది. ఒక్కచేత్తో దువ్వుకోగలదు గాని జడ వేసుకోలేదు. నాకూ చేతకాదు. దువ్వుతూ ఇదంతా ఆమెకు చెప్పాను. హుషారుగానే చెప్పాను.

"జర మెల్లగ. చిక్కు గుంజకు" అంది. తర్వాత అంది, "మంది నన్ను పాపం అంటున్నరని నాకు తెల్వదా?"

"అది గాదక్కా. వాళ్ళు ఎట్ల పిలుస్తరో, మనిషి గట్లనే..."

"గట్లనే అయిపోతనా?" జుట్టులో దువ్వెన ఉండగానే వెనక్కి తిరిగింది. "మిల్లుల ఏం జరిగిందని ఒక్కరన్న నన్ను అడిగిండ్రా? మీ సార్ సంత్రలు తెచ్చిండు, అడగలే. వాహెద్ భాయ్ నా రెక్క లేపిండు, అడగలే. నువ్వు నన్ను సూస్తనే ఉన్నవ్. రోజు సూస్తున్నవ్. నువ్వు సుత అడగలే."

దువ్వెన తీసుకున్నాను. "ఏం జరిగిందక్కా?"

"ఇప్పుడు వద్దు. అడిగెటందుకే ఒకాయిన వస్తుండు గద. గాయినకే చెప్త." మళ్ళీ అటు తిరిగి కూర్చుంది. "జడ గట్టిగెయ్యి. ఊడిపోవద్దు."

ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు పొద్దున్నే అవ్వ అక్క ముందు కూలబడింది. "బిడ్డా, పోయిన చెయ్యి రాదు. ఉన్న నౌకరి పోగొట్టకు. నీ మొగడు, నా కొడుకు, ఈ పొయ్యి... అన్ని ఒక్క నౌకరి మీదున్నయి."

అక్క ఉతికిన చీర కట్టుకుంది. కుచ్చిళ్ళు అవ్వే ఏడుస్తూ పెట్టింది.

మిల్లు ఆఫీసు గదిలో సేటు ఉన్నాడు. పక్కనే ఖాకీ కోటులో బావ. వాహెద్ భాయ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కిటికీ ఊచల అవతల పనాపుకొని వచ్చిన ఆడవాళ్ళ ముఖాలు. ఇన్‌స్పెక్టర్ బక్కపలుచని మనిషి, మఫ్లరు చుట్టుకుని దగ్గుతున్నాడు. ముందే రాసి ఉన్న వాంగ్మూలం చదివాడు. కొంగు నిర్లక్ష్యంగా వదలడం వల్ల పట్టాలో పడి ప్రమాదం జరిగింది. ఇంకు దిండు ముందుకు జరిపి, "ఎడమ బొటనవేలు వెయ్యమ్మా" అన్నాడు.

"గది నేను చెప్పలే" అంది అక్క.

"మరి నువ్వేమంటావ్?"

"ఆ రోజు బండ్లు మంచుల తడిసి వచ్చినయి. తడి పత్తి. రోలర్ల ఇరుక్కున్నది. పట్టా జరిపి ఆపుండ్రి అని చెప్పిన. ఆపొద్దన్నరు. బండ్లు సడక్ దాక నిలవడ్డయి, నడుస్తుంగనె తియ్యి అన్నరు. తీసిన. చెయ్యి రోలర్ గుంజుకున్నది." కొంచెం ఆగింది. "కొంగు నేను నడుముకు చెక్కుకుంట సాబ్. పెండ్లినాడు సుత చెక్కుకున్న."

కిటికీ దగ్గర ఎవరో అవునన్నారు.

"నడుస్తుండగానే తియ్యమని ఎవరన్నారు?"

"మా ఆయిన. గా ఖాకీ కోటు ఏసుకున్నడు సూడుండ్రి."

ఇన్ని రోజులూ ఒకే కప్పు కింద నలుగురం తిన్నాం. భాయ్ గుమ్మం వదిలి ఒక అడుగు లోపలికి వేసి ఆగిపోయాడు.

ఇన్‌స్పెక్టర్ బావ వైపు తిరిగాడు. "నీకు ఎవరు చెప్పారు?"

సేటు బల్ల మీది గాజుగుండును చూస్తున్నాడు. ఆ గదిలో అందరికీ అర్థమైంది, ఆ మాట ఈ గది గుమ్మంలోంచే వచ్చిందని. బోరం ఎత్తుకుని పోతున్న బావ దాన్ని మోసుకెళ్ళి అక్కకు అందించాడు, అంతే. ఒక్కమాట చెబితే అయిపోయేది. బావ చెయ్యి పైకి లేచింది. కోటు పై గుండీ ఊడి ఉంది. దాన్ని పెట్టుకున్నాడు.

"నాకు... యాదికి లేదు సాబ్."

అక్క అతణ్ణి చూసింది. గొంతు పెంచలేదు. "సేట్ చెప్పిండు, ఈయిన వచ్చి నాకు చెప్పిండు. గప్పుడు ఈయిన తప్పు గంతె. గందుకే నేను ఎవ్వలికి చెప్పలే. ఇప్పుడు చేసింది వేరె."

ఆమె చెప్పినదంతా మళ్ళీ రాయించింది. చదివించుకుని విన్నది. "సేట్ చెప్పిండు" అన్నచోట ఇన్‌స్పెక్టర్ తడబడితే, "గదింకోసారి చదువుండ్రి సాబ్" అంది. అప్పుడు వేలు ముద్ర వేసింది.

ఇంటికి వస్తుంటే నేను ఏడుస్తున్నాను. ఆమె ఏడవలేదు. "నడువు తమ్మీ, చలి పెడుతుంది" అంది. ఇంటికి రాగానే బావ ట్రంకు పెట్టెను కాలితో తోసుకుంటూ అరుగు మీదికి తెచ్చింది. నేను అందుకోబోతే వద్దంది. పొద్దుగూకేటప్పుడు బావ వచ్చాడు. పెట్టె చూసి నిలబడ్డాడు.

"కోటు ఇడిసి లోపటికి రా" అంది అక్క గుమ్మంలోంచి.

బావ చాలాసేపు నిలబడ్డాడు. గల్లీలో జనం తలుపుల సందుల్లోంచి చూస్తున్నారు. తర్వాత పెట్టె భుజానికెత్తుకుని మిల్లు గేటు పక్కనున్న చౌకీదారు గదికి వెళ్ళిపోయాడు. బతికినన్నాళ్ళూ అక్కడే ఉన్నాడు.

నష్టపరిహారం తీర్పు చాలాకాలం నలిగి, సగంగా వచ్చింది. ఆపొద్దని సేటు అన్నట్టు సాక్ష్యం లేదన్నారు. మిగతా సగం తప్పు బావ మీదికి నెట్టారు. అవ్వ ఉగాది దాకా అక్కతో మాట్లాడలేదు. నేను ఆ ఏడు పరీక్షకు పోలేదు, కట్టె డిపోలో గుమస్తాగా చేరాను. మరుసటేడు అక్కే నన్ను తిట్టి హైదరాబాదు బస్సెక్కించింది. సార్ నన్ను మళ్ళీ చేర్చుకున్నారు. చదివాను. ఆ మూడు దృక్పథాలనూ పోల్చి రాయమంటే రాశాను, మంచి మార్కులే వచ్చాయి. ఇప్పుడు అడిగినా చెప్పగలను, దేనిలో ఎంత నిజముందో. ఏదీ అబద్ధం కాదు. ఆ చలికాలం నేను వాటి దగ్గరికి అబద్ధం కోసం పోలేదు, సాయం కోసం పోయాను. నా కోపం అదీ.

ఇన్‌స్పెక్టర్ విచారణ జరిగిన రెండో రోజు అక్క, "మిల్లు దాక పోదాం పా" అంది. తిండి వేళ. గేటు పక్క గోడవారగా ఆడవాళ్ళు కూర్చుని జొన్నరొట్టెలు తింటున్నారు. అక్క పక్క జిన్ను మీద పనిచేసే బుచ్చవ్వ జరిగి చోటిచ్చింది. పాపం అనలేదు. రొట్టె తుంచి అక్క ఎడమచేతిలో పెట్టింది.

"సక్కూ, ఆపుండ్రి అని నువ్వు ఆనాడు చెప్పినవా?"

"చెప్పిన."

"చప్పుడుకు నాకు ఇనవడలే."

"ఇప్పుడు ఇన్నవ్ గద" అంది అక్క.

బుచ్చవ్వ నములుతూ ఉండిపోయింది. గంట కొట్టారు. అందరూ లోపలికి పోయారు. మేమిద్దరం గోడవారనే ఎండలో కూర్చున్నాం. అవతల చౌకీదారు స్టూలు మీద బావ మావైపు చూడకుండా కూర్చున్నాడు. మిల్లు మొదలై చప్పుడుకు గోడ అదిరింది.

కొంతసేపటికి ఆ చప్పుడులో ఒక పోగు తగ్గింది. అక్క తల ఎత్తింది. లోపల సేటు కేకలు వినిపించాయి. ఎవరాపారు, ఎందుకాపారు, బండ్లు నిలబడ్డయి! బావ స్టూలు మీంచి లేచి లోపలికి తొంగిచూశాడు. కేకలు పెరిగాయి. చప్పుడు మాత్రం తగ్గినట్టే ఉంది.

నేను లేవబోయాను. అక్క నా చొక్కా పట్టుకుని లాగింది.

"బుచ్చవ్వ జిన్ను అది" అంది. "పట్టా జరిపి లోపట చెయ్యి పెట్టింది. పత్తి తియ్యని. మల్ల నడిచెదాక కూసో."